గంపలో కొడవలి

మా అత్త పోయిందన్న కబురు నాకు రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. తాడిపత్రి దగ్గర బండల ఫ్యాక్టరీలో కోత మిషన్ తిరుగుతోంది. ఆ మోతలో ఫోన్ తీస్తే అవతలి మనిషి మాటల్లో "అత్త" అన్నదొక్కటే చెవికి అందింది. మిషన్ ఆపి బయటికి వచ్చాను.

"ఏమన్నా, మళ్లా చెప్పు" అన్నాను.

మాట్లాడుతున్నది అత్తావాళ్ల పక్క చేను రైతు. గొంతు పెంచి మళ్లీ చెప్పాడు. "మీ అత్త పోయిందప్పా. పొద్దున కోడ్లను ఇడిసి, నూకలు చల్లి, చాట చేతిలో ఉన్నట్లే కూలబడిపోయింది. ఆటో పిలిచేలోపలే అయిపోయినాది. నువ్వు రా."

చేతులకూ కాళ్లకూ బండ బురద. కడుక్కోకుండానే బండి తీశాను. దారి పొడుగునా నా బుర్రలో తిరిగింది ఒకటే: ఈ రోజు గుడ్లు ఎవరు ఏరి ఉంటారు? పోయిన మనిషి కోసం ఏడవాల్సిన సమయంలో ఇదేం ఆలోచన అని మీకు అనిపించవచ్చు. మా అత్తను ఒక్క పూట చూసినవాళ్లకు కూడా అలా అనిపించదు.

నేను పోయేసరికి ఆమెను వాకిట్లో పడుకోబెట్టారు. చుట్టూ ఆడవాళ్లు. వాళ్ల మధ్యలోంచి, చీర కుచ్చెళ్ల పక్కనుంచి, కోళ్లు పొద్దున చల్లిన నూకలు ఏరుకుంటూ తిరుగుతున్నాయి. ఎవరో చెయ్యి విసిరి తోలబోయారు. గోడకు ఆనుకుని కూర్చున్న మా మామ చెయ్యి అడ్డం పెట్టి అన్నాడు: "తోలొద్దండప్పా. ఆమె ఏసిన గింజలు. తిననీండి."

లోపలి గది మూలలో ఒక పెట్ట గంపలో కూర్చుని గుడ్లు పొదుగుతోంది. పోయే ముందే అత్త దాన్ని కూర్చోబెట్టిందంట. బయట ఇంత ఏడుపు వినబడుతున్నా అది మాత్రం కదల్లేదు.

అత్త అంటే మా నాయన చెల్లెలు. యాడికి అనే ఊరి నుంచి లోపలికి పోతే ఎర్రనేలల మధ్య వాళ్ల చేను ఉంటుంది. ఊళ్లో కాకుండా చేన్లోనే ఇల్లు కట్టుకున్నారు. పిల్లలు లేరు. నేను తొమ్మిదో తరగతిలో బడి మానేసి, గుత్తిలో మెకానిక్ షెడ్డులో కొన్నాళ్లు, లారీ మీద క్లీనర్‌గా కొన్నాళ్లు తిరిగి, ఎక్కడా కాలు నిలవక ఇంటికొచ్చి పడితే, నాయన విసిగిపోయి నన్ను ఆమె దగ్గరికి పంపించాడు. మీసం అప్పుడప్పుడే వస్తోంది నాకు. అత్త నన్ను కిందికీ మీదికీ చూసింది.

"ఏమల్లుడా, ఎన్నాళ్లుంటావు?"

"తెలీదత్తా."

"తెలీకుంటే పాయె. ఉన్నన్నాళ్లూ గుడ్లు నువ్వు ఏరు. వంగి వంగి నా నడుము పోయినాది."

"లారీ మీద పోయొచ్చినోన్ని. నన్ను కోడ్ల ఎనకాల తిరగమంటావా?"

"లారీ కన్నా కష్టంరా ఇది. లారీని యాడ నిలబెడితే ఆడ ఉంటాది" అంది.

మరుసటి రోజే తెలిసింది అది ఎంత నిజమో. పొద్దున్నే గంపలు ఎత్తగానే అత్త ఒక్కొక్క పెట్టనూ చంకలో ఇరికించుకుని, తోక కింద వేలు పెట్టి చూసేది. లోపల గుడ్డు గట్టిగా తగిలితే దాన్ని మళ్లీ గంప కిందే మూసిపెట్టేది. తగలనిదాన్ని వదిలేసేది. అలా మూసిన పెట్టలతో బాధ లేదు. ఆమె వేలికి దొరకకుండా తప్పించుకునేవే నా పని. మేతకు వేసిన శనక్కాయ కట్టె వామిలో దూరి ఒకటి పెట్టేది. ఎద్దులబండి కింద గోనెపట్టాల్లో ఒకటి. చుక్కల పెట్ట అని ఒకటుండేది, అది ఎండిపోయిన బోరు దగ్గర మోటారు రూములో పెట్టేది. మోటారు ఎప్పుడో లాగేశారు. గోడకు స్టార్టరు పెట్టె మాత్రం తలుపు ఊడిపోయి మిగిలింది. అందులో నాలుగు పీచు పోగులు పరుచుకుని ఆ పెట్ట కాపురం పెట్టింది.

"కరెంటు రాకపోయినా ఆ పెట్టెలోనుంచి గుడ్లన్నా వస్తాండాయిలే" అనేవాడు మామ.

మొదట్లో నేను కోడి అరిచిన వైపు పరిగెత్తేవాణ్ణి. పోయి చూస్తే అక్కడ ఏమీ ఉండేది కాదు. ముళ్లకంపలో దూరి చొక్కా చింపుకుని బయటికొస్తే, అత్త అరుగు మీద కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వేది.

"అరిసే కాడ ఏముంటాదిరా? అది గుడ్డు పెట్టేసి, ఊరికినే ఇంతదూరం నడిచొచ్చి అరుస్తాది, నీ అట్లాంటోళ్లను తిప్పనీకి. అరవకముందు యాడనుంచి నడిచొచ్చిందో చూడల్ల. కదలకుండా కూచోని చూడు."

కదలకుండా కూర్చోవడం. నా జన్మలో నాకు ఎవరూ చెప్పని పని అది. బడిలో కూర్చోమన్నారు కానీ ఎందుకు కూర్చోవాలో చెప్పలేదు. ఇక్కడ కూర్చుంటే చివర్న ఒక గుడ్డు దొరికేది. బండి నొగల మీద కూర్చుని, కాళ్లు ఆడించకుండా, ఒక కోడి మెడ ఎటు తిరుగుతోందో, ఎక్కడ ఆగి అటూ ఇటూ చూసిందో, ఏ కంప వెనక మాయమైందో చూడటం అలవాటైంది. దొరికిన గుడ్డు వెచ్చగా, కాస్త తేమగా ఉండేది. చేతిలోకి తీసుకోగానే గట్టిగా పట్టుకోకూడదని చేతికే తెలిసిపోయేది.

"అన్నీ తేవద్దు. ఒగటి ఇడిసిపెట్టి రా" అని మొదటిరోజే చెప్పింది. గూడు ఖాళీగా కనిపిస్తే పెట్ట ఇంకో చోటు వెతుక్కుంటుంది. అలా వదిలేసే గుడ్డు మీద బొగ్గుతో గీత గీసిపెట్టేది, పాతదేదో కొత్తదేదో తెలియడానికి.

తెచ్చినవాటిని ఒక్కోటీ చెంపకు ఆనించి చూసి, తడి ఇసుకలో కూర్చోబెట్టిన రాగుల కుండలో దాచేది. ఒకటి మాత్రం పక్కన పెట్టేది. అది ఆమెది. ఉడకబెట్టుకుని, ఉప్పుకారం అద్దుకుని, ఎవరికీ పెట్టకుండా గడప మీద కూర్చుని తినేది. "ముందు నేను తినల్ల. ఏరేది నువ్వైనా సాకేది నేను" అనేది. ఇంట్లో అందరికీ పెట్టి తను పస్తుండే రకం కాదు మా అత్త. ఆ మాట రాస్తే ఆమె ఒప్పుకోదు.

బస్టాండు దగ్గర హోటలాయన గుడ్ల కోసం సైకిల్ మీద వచ్చేవాడు. ఒకసారి చేతిలో తిప్పి చూసి, "ఏమక్కా, ఇంత చిన్నగుండాయి?" అన్నాడు. అత్త చుక్కల పెట్టను చూపించింది. "నన్నడిగితే ఎట్లప్పా? పెట్టింది అది. పోయి దాన్నే అడుగు." ఆయన నవ్వుకుంటూ అన్నీ తీసుకునిపోయాడు.

రోజూ పొద్దు గూకే వేళకు ఆమె నన్ను ఒక మాట అడిగేది. "ఈ పొద్దు చేతికేమొచ్చిందిరా?" గుడ్ల గురించే అనుకుని లెక్క చెప్పేవాణ్ణి. కొన్నాళ్లకు, గుడ్లు దొరకని రోజు కూడా అడుగుతోందని గమనించాను. ఏదో ఒకటి చెప్పాలి. గడ్డి కోసినా, తలుపు బాగు చేసినా సరే. ఏమీ లేదంటే మాత్రం ఊరుకునేది కాదు.

తర్వాత వరసగా వానలు తప్పాయి. వేసిన శనక్కాయ వేసినట్టే మాడిపోయింది. మేత లేక ఎద్దులను సంతకు తోలేశారు. చుట్టుపక్కల ఇళ్లకు తాళాలు పడుతున్నాయి. మూటలు నెత్తికెత్తుకుని జనం గుత్తికి పోయి బెంగళూరు రైలెక్కుతున్నారు. మామ కూడా రోజూ అదే మాట మొదలుపెట్టాడు.

"ఏమే, అందరూ పోతాండారు. మనమూ పోదాము. ఆడ బిల్డింగు పనులుండాయంట."

"ఆడ కోడ్లు పెట్టుకోనిస్తారా?"

"రేకుల షెడ్డులో మనం పట్టేదే కష్టము. కోడ్లేంటికే?"

"అయితే నేను రాను. పొద్దున లేస్తూనే నా చేతికి ఏదో ఒగటి రావల్లయ్యా. చేను ఇయ్యకపాయె. బోరు ఇయ్యకపాయె. కోడి ఇస్తాండాది గదా? ఇచ్చేదాన్ని ఇడిసి నేను కదలను."

ఉప్పు, నూనె, అగ్గిపెట్టె, అన్నీ ఆ గుడ్ల మీదే వస్తున్నాయి మరి.

ఆ వేసవిలో కొక్కెర తెగులు వచ్చింది. కోళ్లు పెంచినవాళ్లకు ఆ పేరు చాలు. పొద్దున బాగున్న కోడి సాయంత్రానికి మెడ మెలితిరిగి పడిపోతుంది. రోజూ గుంత తవ్వాను. అత్త ఒక్కొక్కదాన్నీ రెండు చేతులతో తెచ్చి అందులో పెట్టేది. ఏడవలేదు. "మన్ను బాగా తొక్కరా, కుక్కలు లాగుతాయి" అని మాత్రం అనేది. చివరికి వాకిలి మొత్తానికీ ఒక్క చుక్కల పెట్ట మిగిలింది. మిగతావాటితో కలవకుండా మోటారు రూములో ఒంటరిగా ఉండటంవల్ల బతికిందేమో.

"ఇంగేముందే ఈడ?" అన్నాడు మామ. ఈసారి మెల్లగానే అన్నాడు.

అత్త రాగుల కుండ ముందర పెట్టుకుని కూర్చుంది. తెగులు రాకముందు ఏరినవి అందులో ఇంకా ఉన్నాయి. అవి పెట్టిన కోళ్లన్నీ మట్టిలోకి పోయాయి. ఒక్కొక్కటి ఎండకు ఎత్తి, వేళ్ల మధ్య గుండ్రంగా పట్టుకుని చూసి, పనికొచ్చేవి ఏరిపెట్టింది. చుక్కల పెట్ట అప్పటికే పొదగాలని మెడ ఉబ్బించుకుని తిరుగుతోంది.

"ఇవి దాని కింద పెడతాండా" అంది మామతో. "పిల్లలైతే ఈడనే ఉంటాము. కాకపోతే నువ్వు యా రైలంటే ఆ రైలు ఎక్కుతా. కోడి గురించి మళ్లా నోరెత్తను."

"మాట తప్పవు గదా?"

"నేను ఎప్పుడు తప్పినానయ్యా?"

గంపలో ఇసుక పోసింది. పైన పాత గోనె పరిచింది. గుడ్లు సర్దింది. వాటి పక్కన ఒక బొగ్గు ముక్క, ముక్కు విరిగిన కొడవలి ఒకటి పెట్టింది. మామకు నవ్వాగలేదు.

"కోడికి కొడవలి ఇస్తాండావా? గద్దతో యుద్ధం చేస్తాదా ఏం?"

"ఉరుముకు గుడ్లు మురిగిపోతాయి. ఇనుముంటే ఆ అదురు ఇనుములోకి పోతాది. మాయమ్మ పెట్టేది, నేనూ పెడతాండా."

"ఉరిమితే గదనే! ఉరుము ఇని ఎన్నాళ్లాయ?"

అది కూడా నిజమే. ఆకాశం కంచు పళ్లెంలా ఉంది.

పెట్ట గంపలోంచి రోజుకొక్కసారి దిగేది. గబగబా నాలుగు గింజలు, రెండు గుక్కలు నీళ్లు, మళ్లీ ఎక్కేది. అది దిగినంతసేపూ అత్త గంప మీద గుడ్డ కప్పి పక్కనే నిలబడేది. మూడో వారం వచ్చింది. మామ మాత్రం పోవడానికే సిద్ధమవుతున్నాడు. ఒకరోజు మధ్యాహ్నం గిన్నెలు, దుప్పట్లు వేసి వాకిట్లో మూట కడుతున్నాడు. "కడితే తప్పేముంది? పోకపోతే ఇప్పుకుంటాము" అన్నాడు. అత్త బిందె తీసుకుని చేదబావి అడుగున ఉన్న రెండు బిందెల నీళ్ల కోసం పోయింది.

అప్పుడు పడమటి నుంచి గాలి తిరిగింది. దుమ్ము లేచింది. దూరంగా, కొండల అవతల, బండ దొర్లినట్టు ఒక మోత. మామ లేచి నిలబడ్డాడు. ఇంకొకటి, ఈసారి మా నెత్తి మీదే. పక్క చేలల్లో జనం కేకలు వేస్తున్నారు. మామ చొక్కా విప్పి తలపైకెత్తి ఊపుతూ, "ఉరిమిందిరా! ఉరిమింది!" అని చిన్నపిల్లాడిలా గంతులేశాడు. నేనూ అరిచాను. అంతమందిమి ఆకాశం వైపు చూస్తుంటే, ఒక్క మనిషి మాత్రం బిందె అక్కడే పారేసి ఇంట్లోకి పరిగెత్తింది.

లోపలినుంచి ఆమె కేక ఉరుము కన్నా గట్టిగా వినబడింది.

"కొడవలి యాడ పెట్టినారు?"

మామ ఎత్తిన చెయ్యి అలాగే ఆగిపోయింది. కొడవలి ఆయన కాళ్ల దగ్గర, మూట పక్కన పడి ఉంది. తాడు కోయడానికి గంపలోంచి తీశాడు. తీసి మర్చిపోయాడు.

అత్త గడపలోకి వచ్చి మూటను చూసింది, తాడును చూసింది, కొడవలిని చూసింది. "పయాణం మూట కట్టనీకి నా గుడ్ల కాడ ఇనుము తీసినావా?" అంది.

"మతికి రాలేదే. నీ మీద ఒట్టు."

ఆమె కొడవలి తీసుకుని లోపలికి పోయింది. నేను వెనకాలే పోయాను. గంపను పెట్టతో సహా ఒళ్లోకి తీసుకుంది. కొడవలి లోపల పెట్టి, బొంత కప్పి, దాని మీద తను వంగి, రెండు చేతులూ చుట్టేసింది. పైన ఉరుముతూనే ఉంది. ఉరిమినప్పుడల్లా ఆమె వీపు బిగుసుకునేది. ఎదురుచూసిన వాన బయట నాలుగు చినుకులు రాల్చి పోయింది. వాసన మాత్రం వచ్చింది. ఆ వాసనకు కూడా ఆమె తలెత్తలేదు.

మరుసటి రోజు మామ తెల్లారకముందే సైకిల్ తీసుకుని ఎటో పోయాడు. ఊళ్లో ట్యాంకరు దగ్గర నిలబడి, ఒక బిందె మంచినీళ్లు తెచ్చాడు. దాన్ని ఎండలో పెట్టాడు. గోరువెచ్చగా అయ్యాక అత్త ముందుకు తెచ్చి దించాడు.

"చూడే. ఏదైతే అది. చూడు."

పొదగడం చివరికొచ్చిన గుడ్డును గోరువెచ్చని నీళ్లలో వదిలితే, లోపల పిల్ల బతికుంటే గుడ్డు దానంతటదే అదురుతుంది. అత్త నీళ్లు గిన్నెలోకి వంచింది. అల ఆగేదాకా ఉంది. మొదటి గుడ్డు వదిలింది. తేలింది. కదల్లేదు. తీసి పక్కన పెట్టింది. రెండోది. అదీ అంతే. మామ చెంబు పట్టుకుని నిలబడ్డాడు కానీ ఆ చెంబు ఎందుకో ఆయనకే తెలియదు. అత్త ఇంకొకటి తీసి, నీళ్ల మీద మెల్లగా వదిలింది.

గుడ్డు తేలి, నిలబడి, ఒక్కసారి పక్కకు ఒరిగింది.

"నువ్వు ఊదినావా?" అంది నన్ను.

"లేదత్తా, ఊపిరే పీల్చలేదు."

మళ్లీ ఒరిగింది. ఈసారి ముగ్గురం చూశాం. మామ కింద కూర్చుండిపోయాడు. "ఆడుతాందే" అన్నాడు. "ఆడుతాంది."

"నాకు కండ్లుండాయిలే" అంది అత్త. కానీ ఆ గుడ్డును తుడిచి చెంపకు ఆనించుకుని చాలాసేపు తీయలేదు.

అన్నీ పిల్లలు కాలేదు. కొన్ని మురిగిపోయాయి. ఉరుముకో, ఎండకో, నాకు ఇప్పటికీ తెలియదు. అయినవి మాత్రం చుక్కల పెట్ట వెనకాల వాకిట్లోకి నడిచొచ్చాయి. ఆ సాయంత్రం మామ ఎవరూ చెప్పకుండానే మూట విప్పాడు. గిన్నెలు లోపల సర్దాడు. ఆ తాడుతోనే పిల్లలను మూసే గంపను పిల్లికి అందకుండా దూలానికి వేలాడగట్టాడు. రైలు మాట మళ్లీ ఎత్తలేదు.

దాంతో కరువు పోలేదు. ఆ ఏడు పంట కూడా రాలేదు. మామ రోడ్డు పనికి పోయాడు. నేను బండల ఫ్యాక్టరీలో చేరాను. ఈసారి మానలేదు, అక్కడే ఉండిపోయాను. అత్త ఆ పిల్లలనుంచి మళ్లీ వాకిలి నిండా కోళ్లను చేసింది. తెగులు మందు వేయించడానికి కోళ్లను బుట్టలో పెట్టుకుని ఏటా యాడికి పశువుల ఆసుపత్రికి పోయేది. "కొడవలి ఉరుముకు, సూది తెగులుకు" అనేది. రెండింటినీ వదల్లేదు.

సెల్‌ఫోన్ వచ్చాక మామ ఫోన్ తీసుకుని సాయంత్రం నాకు చేసేది. బాగున్నావా, తిన్నావా అని ఉండదు. "ఈ పొద్దు చేతికేమొచ్చిందిరా?" అదే. కోసిన బండ గురించి చెప్పేవాణ్ణి. పనిలో వేలు నలిగిన రోజు అదే చెప్పాను. "సరే, రేపు ఇంగోటొస్తాదిలే. కట్టు తడపొద్దు" అని పెట్టేసింది.

ఆమె దినం రోజు చుట్టాలంతా వచ్చారు. షామియానా కింద విస్తళ్లు వేశారు. అప్పుడే పడమట మబ్బు లేచింది. అందరూ భోజనం ముందర పెట్టుకుని అటు చూస్తున్నారు. ఉరిమింది. విస్తళ్ల ముందునుంచి సగంమంది లేచి వాకిట్లోకి పోయారు. ఆకాశం చూస్తే మా వాళ్లకు ఆకలి గుర్తుండదు.

నేను మామ కోసం వెతికాను. వాకిట్లో లేడు. లోపలినుంచి కేక వినబడింది.

"కొడవలి యాడ పెట్టినారు?"

పరిగెత్తాను. మామ, అత్త పెట్టను కూర్చోబెట్టిన గంప దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, ఇసుకలో, గోనె కింద వెతుకుతున్నాడు. బొగ్గు ముక్క ఉంది. కొడవలి లేదు. అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు పాడె కట్టేటప్పుడు తాడు కోయడానికి ఎవరో తీశారు. పనయ్యాక పశువుల కొట్టం చూరులో గుచ్చి మర్చిపోయారు. తెచ్చి ఇచ్చాను.

మామ దాన్ని పంచెకు తుడిచి, పెట్ట పక్కనుంచి లోపలికి జరిపాడు. పెట్ట ఆయన చేతిని గట్టిగా పొడిచింది. ఆయన చెయ్యి తీయలేదు. మెళ్లో తువ్వాలు తీసి గంప మీద కప్పి, వంగి, రెండు చేతులూ చుట్టూ వేశాడు.

బయట చినుకులు మొదలయ్యాయి. "ఓ పెద్దాయనా, వానొస్తాంది! బయటికి రా, చూద్దువు!" అని ఎవరో పిలుస్తున్నారు. మళ్లీ ఉరిమింది. మామ వీపు బిగుసుకుంది. ఆయన అలాగే ఉన్నాడు, తలెత్తకుండా.